ఊడవని గదులు

మా ల్యాబులో ఊ కొట్టడం ఒక ఉద్యోగం. నవ్వకండి. నెలనెలా జీతం తీసుకుని మరీ ఊ కొడుతున్నాను.

మేం తయారుచేసే వస్తువు పేరు ఊతం. గోరంత ఉంటుంది. మెదడువాపు వచ్చో, తలకి దెబ్బ తగిలో కొత్త సంగతులు గుర్తుంచుకునే శక్తి పోయినవాళ్ళకి దాన్ని చెవి వెనక ఎముకలో అమరుస్తారు. జబ్బుకి ముందు జ్ఞాపకాలు మెదడులో ఎక్కడివక్కడే ఉంటాయి. జబ్బు తర్వాత జరిగేవాటిని మాత్రం ఊతం దాచి, మనిషి తలుచుకున్నప్పుడు అందిస్తుంది. ఆ గోరంత వస్తువులో ఒక ఆపరేటింగ్ సిస్టం, దాని నడిమధ్యన కెర్నల్, ఆ కెర్నల్‌లో మెమరీని పంచిపెట్టే కోడు. ఏ జ్ఞాపకానికి ఎంత చోటివ్వాలి, ఏది పాతబడితే ఆ చోటు వెనక్కి తీసుకోవాలి, అదంతా ఈ కోడు పని. అందులో ఒక్క అక్షరం మారినా నా చెవిన పడకుండా జనం తలల్లోకి పోకూడదు.

పద్ధతి ఏమిటంటే, రాసినవాడు నా పక్కన కూర్చుని ఒక్కో లైనూ పైకి చదువుతాడు. నాకు అర్థమైతేనే ఊ అనాలి. అనకపోతే చదవడం అక్కడికి ఆగిపోవాలి. మా డైరెక్టరు వాచస్పతి గారు పెట్టిన రూలు ఇది. చిన్నప్పుడు ఆయన ఊ కొట్టకపోతే వాళ్ళ నాయనమ్మ కథ ఆపేసేదట. రూలు మంచిదే గానీ, ఊ అనేది ఎలాంటి మాటంటే మనిషి సగం నిద్రలో కూడా అనేయగలడు. అమ్మమ్మల దగ్గర కథలు విన్నవాళ్ళెవరినైనా అడగండి, చెబుతారు.

ఆ రోజు పొద్దున్న నేను ఋషికొండ ఎక్కి ల్యాబు గేటు దగ్గరికి వచ్చేసరికి సెక్యూరిటీవాళ్ళతో ఒకావిడ వాదిస్తోంది. పేరు దాలమ్మ. విజయనగరం అవతల నుంచి మొదటి బస్సుకి వచ్చింది. ఆవిడ భర్త కూర్మారావు లైన్‌మన్. మెదడు జ్వరం తర్వాత ఊతం పెట్టించుకుని, డాక్టర్లు ఫిట్ అని రాసిచ్చాక మళ్ళీ డ్యూటీలో చేరాడు. స్తంభం ఎక్కి కరెంటు తీగ పట్టుకున్నాడు. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి భుజం దగ్గరికి తీసేశారు.

"స్తంభం ఎక్కీ ముందు సబ్‌స్టేషనుకి ఫోన్ సేసి కరెంటు ఆపించుకోవాలమ్మా. ఎల్సీ తీసుకోడం అంటారు. ఇరవయ్యేళ్ళ సర్వీసు, ఒక్కనాడు ఎల్సీ లేకండా నిచ్చెన మీద కాలెట్టలేదు. అక్కడోళ్ళేమో నువ్వు ఫోనే సెయ్యలేదంతన్నారు. ఈయనేమో తీసుకున్నాను, నా సెవుల్తో ఇన్నాను అని ఒట్లేసుకుంతన్నాడు. మా ఆయన అబద్ధాలాడీ మనిషి కాడు. ఆ సెవెనక దాన్ని ఇప్పి సూడండి."

లోపలికి తీసుకెళ్ళి టీ ఇప్పించాను. తాగలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

ఇలియాస్ నాతో పనిచేసే కుర్రాడు. ఈ కోడు మార్పులన్నీ అతనే రాస్తాడు. ఆసుపత్రికి వెళ్ళి కూర్మారావు ఊతం నుంచి వివరాలు తీసుకొచ్చాడు. ఎవరి జ్ఞాపకంలో ఏముందో మేం చదవలేం, చదవకూడదు కూడా. ఒక జ్ఞాపకానికి ఇచ్చే చోటుని మేం గది అంటాం. ఫలానా నంబరు గది, అది ఎప్పుడు నిండింది, ఎప్పుడు ఖాళీ అయింది, అంతవరకే మాకు కనిపిస్తుంది. ప్రమాదం జరిగిన రోజు పొద్దున్న స్తంభం దగ్గర అతని జ్ఞాపకానికి దొరికిన గది, ముందురోజు రాత్రి ఖాళీ అయిన గది. సబ్‌స్టేషనుకి ఫోన్ చేసి అడిగితే ఆపరేటరు చెప్పాడు, ముందురోజు కూర్మారావు ఆ వీధిలోనే ఎల్సీ తీసుకుని పని చేసి దిగాడట.



దీన్ని మా అక్కకి ఎలా చెప్పానో మీకూ అలాగే చెబుతాను. ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జి ఉందనుకోండి. గది ఖాళీ అయితే మేనేజరు తాళంచెవి తీసుకుని కొక్కేనికి తగిలిస్తాడు. ఇంకొకరు వస్తే ఆ చెవే ఇస్తాడు. మధ్యలో గది ఊడవడు. వచ్చినవాడు పెద్ద కుటుంబంతో వస్తే గదంతా వాడి సామానే నిండుతుంది, ఫరవాలేదు. ఒంటరిగా చిన్న సంచితో వచ్చాడా, మంచం కింద వెనకటివాడి చెప్పులు కనిపిస్తాయి. కూర్మారావుకి స్తంభం దగ్గరికి నడిచి వెళ్ళడం ఆ రోజుది. మిగతా సగం గదిలో ముందురోజు విన్న "ఎల్సీ ఇచ్చాం, ఎక్కు" అనే మాట అలాగే పడి ఉంది. రెండూ కలిసి ఒకే పొద్దున్న అయిపోయాయి. అతను అబద్ధం ఆడలేదు. చెవులారా విన్నాడు.

కోడు తీసి చూస్తే అంతా తేటతెల్లంగా ఉంది. గది వెనక్కి తీసుకున్నప్పుడు దాన్ని సున్నాలతో నింపి తుడిచేయాల్సిన లైను లేదు. నేను చేరకముందు, బ్యాటరీ ఆదా కోసమని ఎవరో తీసేశారు. తీసేస్తున్నప్పుడు పక్కనెవరో ఊ కూడా కొట్టారు. ఖాళీ గదిలో ఏముంటే మనకేం, ఖాళీయే కదా అనుకుని ఉంటారు. కంప్యూటర్లవాళ్ళకి ఖాళీ అంటే ఎవరి పేరూ రాసి లేకపోవడం. దాలమ్మలాంటి వాళ్ళకి ఖాళీ అంటే నిజంగా ఏమీ లేకపోవడం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క లైను మేడమ్" అన్నాడు ఇలియాస్. "ఖాళీ అయిన వెంటనే తుడిచేద్దాం. ఇప్పటికే ఖాళీగా పడున్నవీ, నిండిన గదుల్లో మిగిలిపోయిన పాత ముక్కలూ కూడా ఒకేసారి తుడిచేద్దాం. ఎంతమంది ఊతాల్లో ఎన్ని పాత ముక్కలు ఉన్నాయో, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో!"

మా ఇంట్లో ఏం జరుగుతోందో నాకు అప్పుడు తట్టింది.

మర్రిపాలెంలో మా అక్క వరాలు, నేను ఉంటాం. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. చదివించింది మా బావ ముత్యాలరావు. పోర్టులో క్రేను నడిపేవాడు. నేను ఇంజినీరింగులో రెండు సబ్జెక్టులు తప్పితే, "క్రేను కూడా ఒక్కోసారి బరువు జారిస్తాది, మళ్ళీ ఎత్తడమే" అన్నాడు తప్ప ఒక్క మాట తూలలేదు. అక్కకి మెదడువాపు వస్తే ఊతం పెట్టించి, మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చోబెట్టిందీ ఆయనే. తర్వాత కొన్నేళ్ళకి డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు.

బావ పోయాడని అక్కకి తెలుసు. తెలిసే, ఉండుండి కొన్ని సాయంత్రాలు నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే మొదలుపెట్టేది.

"ఒలే వేణీ, మీ బావతో నేనింక మాటాడను. చింతచిగురు తెమ్మంటే గోంగూర అట్టుకొచ్చేరు. అడిగితే రెండూ ఆకులే కదా అంటన్నారు!"

ఆ రోజు గోంగూర తెచ్చింది నేను. అయినా అడిగేదాన్ని. "తర్వాత ఏమన్నాడే?"

"ఏటంటారు? నవ్వుతన్నారు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళుమంట."

ఊతం ఉన్నవాళ్ళు ఒక్కోసారి ఇలా పాతవీ కొత్తవీ కలిపేస్తారని డాక్టరు చెబితే సరే అనుకున్నాం. నేను కారణం వెతకలేదు. ఇంకొకరి సంగతైతే పీకి పాకం పెట్టేదాన్ని. ఇది మాత్రం నాకు కావాల్సి వచ్చింది. నేను ఎరగని బావ, అక్కతో పోట్లాడే బావ, వాళ్ళిద్దరి మధ్య నలిగిన చిన్నచిన్న మాటలు, అవన్నీ అక్క నోట్లోంచి కొత్తగా వచ్చేవి. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఇవాళ బావ వచ్చాడో లేదో అని కాళ్ళు గబగబా పడేవి. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం.

ఆ బావంతా ఊడవని గదుల్లో ఉన్నాడు. ఇలియాస్ రాసే ఒక్క లైనుతో పోతాడు.

మర్నాడు చదవడానికి కూర్చున్నాం. ఇలియాస్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "గది నంబరు తీసుకో." ఊ. "ఇంకెవరైనా వాడుతున్నారేమో చూడు." ఊ. "వాడకపోతే పేరు కొట్టెయ్." ఊ. "గది మొదలు నుంచి చివరి దాకా సున్నాలు రాయి."

నేను ఊ అనలేదు.

ఇలియాస్ ఆగాడు. మళ్ళీ అదే లైను చదివాడు. "మేడమ్, అర్థం కాలేదా?"

"అర్థమైంది. బ్యాటరీ లెక్క చూడాలి. తర్వాత చూద్దాం" అని లేచాను. అతను సరేనని ఫైలు మూసేశాడు. నన్ను అనుమానించాల్సిన అవసరం ఆ కుర్రాడికి అంతవరకు రాలేదు.

బ్యాటరీ మాట వినగానే వాచస్పతి గారి ప్రాణం లేచొచ్చింది. "నేనూ అదే అంటున్నాను వేణి గారూ. ప్రతి గదీ తుడుస్తూ కూర్చుంటే బ్యాటరీ తొందరగా అయిపోతుంది. మార్చాలంటే మళ్ళీ ఎముక కొయ్యాలి. ముసలివాళ్ళు తట్టుకోగలరా? ఒక్కడి చెయ్యి చూసి అందరి తలలూ కోద్దామా? నెమ్మదిగా ఆలోచిద్దాం." ఆయన చెడ్డమనిషి కాదు. ఆయన మాటలో నిజం ఉంది. ఆ నిజం చాటున నా స్వార్థం హాయిగా ముసుగుతన్ని పడుకుంది, అదే నాకు అసహ్యం వేసింది. అయినా ఒక వారం అలాగే గడిపాను.

దాలమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, పొద్దున్న లేసి కట్టు సూసుకున్నాడు. ఎల్సీ తీసుకున్నాను కదే, మరి సెయ్యెలా పోయింది అంతన్నాడు. సెప్పేను. మర్నాడు మళ్ళీ అదే అడుగుతన్నాడు. నన్నేటి సెప్పమంటావు? సదువుకున్నదానివి, నువ్వు సెప్పు." మళ్ళీ తనే అంది. "మా బతుకు ఎలాగూ ఇలాగైపోయింది. ఆ ఈగంత వస్తువు ఇంకెంతమందికి ఎట్టేరో? ఆళ్ళనైనా స్తంభాలెక్కనీకండి."

సరేనమ్మా అన్నాను.

ఇంటికెళ్ళి అక్కకి అంతా చెప్పాను. లాడ్జి, తాళంచెవి, చెప్పులు, కూర్మారావు చెయ్యి. స్కూలు యూనిఫారం చొక్కాకి కాలరు కుడుతోంది అక్క. కాళ్ళు తొక్కుడు ఆపలేదు.

"అంటే, అవి తుడిచేస్తే మరి బావ..." నాకు మాట పూర్తి చెయ్యడం చేతకాలేదు.

"ఆయనింక రారు" అంది అక్క.

"నీకు పెళ్ళీ, పాత రోజులూ అన్నీ ఉంటాయే. నువ్వు పదేపదే తలుచుకునేవీ ఉంటాయి. ఈ మధ్యలో జారిపోయినవే..."

"ఆ లైన్‌మేను పెళ్ళానికి పిల్లలున్నారేటి?"

"ఇద్దరు."

మిషను ఆగింది. అక్క దారం కొరికి చొక్కా దులిపింది. "తుడిచీండే. ఇందులో నన్నడిగీదేటి?"

నా అక్క ఎంత గొప్పదో అనుకున్నాను. మొగుడి ఆఖరి ముక్కల్ని ఎవరి ఇంటి మనిషి కోసమో వదిలేసింది అనుకుని వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి మొహం కడుక్కున్నాను.

మర్నాడు ఇలియాస్ ఆ లైను చదివాడు. ఊ అన్నాను. ఇంత చిన్న మాట అంత బరువుగా ఎప్పుడూ రాలేదు. వాచస్పతి గారికి మాత్రం ఒకటే చెప్పాను. "బ్యాటరీ మార్చడానికి మనిషి ఉండాలి సార్. స్తంభం మీద పోయినవాడికి బ్యాటరీతో పనేముంది?" ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుని సంతకం పెట్టారు.

కొత్త కోడు అందరి ఊతాల్లోకి వెళ్ళింది. దాలమ్మ ఫోన్ చేసి, ఆయన ఎల్సీ మాట ఎత్తడం లేదని, చెయ్యి పోయిందని తెలిసి ఏడ్చాడని, తర్వాత అన్నం పెట్టమన్నాడని చెప్పింది.

మా ఇంట్లో బావ రావడం ఆగిపోయింది. సాయంత్రాలు నేను గుమ్మంలో చెప్పులు విప్పుకుంటూ ఒక్క క్షణం నిలబడేదాన్ని. లోపల మిషను చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. అన్నం సయించేది కాదు. ఊరికే అక్క మీద విసుక్కునేదాన్ని, పప్పులో ఉప్పు తక్కువైందని, ఫ్యాను వేసి వదిలేసిందని. అక్క వెళ్ళి ఫ్యాను ఆపి, నా మొహంలోకి చూసేది.

ఇలా కొన్ని వారాలు గడిచాక, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర తరుగుతున్నాను.

"మీ బావ వొచ్చేరే ఇందాక" అంది అక్క. "గొడుగు మర్చిపోయి ఎల్లేరు. వానలో నానుకుంటా ఒచ్చి నన్నే కేకలేస్తన్నారు."

కత్తిపీట మీంచి ఎలా లేచానో తెలీదు. నాకు సంతోషం కాదు, భయం వేసింది. తుడిచిన గదిలో మనిషి కనబడ్డాడంటే తుడవలేదన్నమాట. మేం ఎక్కడో తప్పాం. తప్పిన కోడు ఎంతోమంది తలల్లో ఉంది. అంతా సరిచేశారన్న ధైర్యంతో ఎంతమంది మళ్ళీ డ్యూటీలకి వెళ్తున్నారో.

ఇలియాస్‌కి ఫోన్ చేస్తే పరికరం పట్టుకుని బండి మీద వచ్చేశాడు. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి చెవి వెనక రిసీవరు ఆనించాడు. ఒక్కో గదిలో ఖాళీగా ఉన్న చోటు సున్నాలేనా కాదా అని చూడడం మొదలుపెట్టాడు. "సున్నాలు. సున్నాలు. ఇదీ సున్నాలే మేడమ్." చివరిదాకా అంతే. చెత్త అన్నదే లేదు. అదింకా భయం. తప్పు ఎక్కడుందో తెలిస్తే దిద్దుకోవచ్చు.

"ఇది మనకి అర్థం కాని తప్పు మేడమ్. అర్థమయ్యేదాకా రిస్కు వద్దు. ఊతం ఉన్నవాళ్ళెవరూ బండి నడపొద్దని, పనుల్లోకి వెళ్ళొద్దని ఆసుపత్రులన్నిటికీ ఇప్పుడే మెసేజ్ పెట్టేస్తాను" అని ఇలియాస్ ఫోను తీశాడు.

"పెట్టెయ్" అన్నాను.

"ఒరే నాయనా, ఆగు!" అంది అక్క.

ఇద్దరం ఆగాం. అక్క చీరకొంగు చుట్టచుట్టి వేలికి బిగిస్తోంది.

"మీ కోడు బానే ఉంది బాబూ. ఆయనేటీ రాలేదు. నేనే సెప్పేను."

"అంటే?" అన్నాను.

"కల్పించేనే. ఈ మజ్జిన నీ మొగం సూసుకున్నావేటి? తిండి లేదు, మాట లేదు. ఒక్కసారి ఆయనొచ్చేరంటే కాస్త తెరిపినపడతావేమో అనుకున్నాను. ఇలగ పోలీసోళ్ళలాగ దిగిపోతారని నాకేటి తెలుసు?"

నాకు కోపం ముంచుకొచ్చింది. "బుద్ధుందా నీకు? ఇంకాస్త ఉంటే రాష్ట్రమంతా గగ్గోలైపోయేది! నువ్వు అన్నీ వదులుకుని బాధపడుతున్నావని నేను..."

"నేనెందుకు బాదపడతానే?" అంది అక్క. అంత నెమ్మదిగా అన్న మాటకి నా అరుపు ఆగిపోయింది. "ఆయనొచ్చినప్పుడల్లా ఇదిగో ఇక్కడ నిలబడ్డట్టే ఉండీది. సంతోసంగానే ఉండీది. కాసేపటికి లేరని తెలిసీది. తెలిసినప్పుడల్లా కొత్తగానే తెలిసీది. పోర్టోళ్ళు అప్పుడే వొచ్చి సెప్పినట్టు. వొచ్చిన ప్రతిసారీ మళ్ళీ పోయీవోరే మీ బావ. ప్రతిసారీ నేనొక్కదాన్నే ఏడిసి, నువ్వొచ్చీలోగా మొగం కడుక్కునేదాన్ని. వొచ్చిన కబురు నీకు సెప్పీదాన్ని, ఎల్లిన కబురు నాకాడ ఉంచీసుకునేదాన్ని."

ఇలియాస్ తల వంచుకుని పరికరం తీగ చుట్టుకుంటున్నాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

"ఆయనొచ్చేరంటే నీ మొగం ఎలగ వెలిగిపోయీదో నీకేటి తెలుసు. సూసింది నేను."

"అయితే ఆ గోంగూర గొడవ? అవన్నీ నిజంగా వచ్చినవేనా?"

"కొన్ని వొచ్చినవి. రాని రోజుల్లో కొన్ని నేనే అల్లేను."

"ఏవేవి?"

"నాకు గుర్తుండదు కదేటి, జబ్బుమనిషిని" అంది అక్క. ఆ మాటకి ఇలియాస్‌కి నవ్వొచ్చింది, ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. అక్క కూడా నవ్వింది. తర్వాత నా భుజం మీద చెయ్యేసింది.

"ఇప్పుడు మీ బావ ఒక్కసారే పోయేరే. ఒక్కసారైతే నేను ఓర్చుకోగలను. నువ్వే ఇంకా ఓర్చుకోలేదు."

నిజమే. పోర్టు ఆసుపత్రిలో కాగితాలన్నీ చూసుకున్నది నేను, అక్కని పట్టుకున్నది నేను, మర్నాడు దహనానికి మనుషుల్ని మాట్లాడింది నేను. తర్వాత సాయంత్రాలు ఆయన వస్తూనే ఉన్నాడు, ఇక ఏడవాల్సిన పని ఏముంది? తరిగిన కూరముక్కలు నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటి మధ్యే కూలబడ్డాను.

"బావ చచ్చిపోయాడే అక్కా" అన్నాను. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి.